బురదదారిలో తిరిగివచ్చిన జీపు గురించి మేనల్లుడికి

చిరంజీవి ప్రసాదుకు మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పాత థార్ జీపు ఒకటి కొని, మారేడుమిల్లి నుంచి గుడిస కొండకు పర్యాటకులను తిప్పుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. బండి నడపడం గురించి నీకు నేను కొత్తగా చెప్పవలసింది లేదు. అయితే దిగివచ్చాక బండికి ఏం చేస్తున్నాడని అడిగితే, వారానికొకసారి వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తాడనీ, బండి తళతళలాడుతూ ఉంటుందనీ అంది. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. బానెట్టు మీదా తలుపుల మీదా కనబడే బురద బండికి చేసే హాని చాలా తక్కువ. బండి చట్రమైన ఛాసిస్ లోపలా, కమాను కట్టల మధ్యా, బ్రేకు డ్రమ్ముల్లో, రేడియేటరు రెక్కల సందుల్లో చేరిన బురద మాత్రం వారం రోజులు ఊరుకోదు.

ఏ రోజు బురద ఆ రోజే, పచ్చిగా ఉండగానే కడగాలి. మన కోనసీమ నల్లమట్టి అయితే ఎండాక గట్టిపడి, ఉలి పెడితే గాని ఊడని స్థితికి వస్తుంది. కొండమీది ఎర్రమట్టి అంత మొండిది కాదు గాని, మెత్తని పొడిగా మారి ప్రతి సందులోకీ దూరి, గాలిలో తేమ తగిలినప్పుడల్లా మళ్ళీ తడిసి, ఆ తడిని ఇనుముకు అంటిపెట్టి ఉంచుతుంది. తుప్పు పట్టేది అక్కడే. అలాగని దిగివచ్చిన నిమిషంలోనే గొట్టం అందుకోవద్దు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు డిస్కులు బాగా కాగి ఉంటాయి, సైలెన్సరు గొట్టం సంగతి చెప్పనే అక్కరలేదు. వాటి మీద చన్నీళ్ళు పడితే డిస్కులు వంకర తిరిగి, ఆపైన బ్రేకు తొక్కినప్పుడల్లా పెడలు కాలి కింద అదురుతుంది. చేయి పెట్టి చూడగలిగేంత చల్లారాక మొదలుపెట్టు.

పై నుంచి కాకుండా కింద నుంచి మొదలుపెట్టడం నా పద్ధతి, ఎందుకంటే పైభాగం ముందు కడిగిన మనిషికి కిందికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. చక్రాల పైన మడ్‌గార్డు అంచు లోపలికి మడిచి ఉంటుంది; ఆ మడతలో వేళ్ళు పెట్టి చూస్తే పిడికెడు మట్టి వస్తుంది. స్క్రూడ్రైవరుతో గీకితే రంగు పోయి అక్కడే తుప్పు మొదలవుతుంది కనుక చెక్కపుల్లతో తీయి. ఛాసిస్ కడ్డీలకు పక్కల గుండ్రటి రంధ్రాలు ఉంటాయి చూడు, వాటిలో గొట్టం మూతి పెట్టి ముందు నుంచి వెనక్కి నీళ్ళు వదిలితే, మొదట చిక్కని ఎర్రనీళ్ళు, తరువాత చిన్న రాళ్ళూ ఆకులూ, చాలాసేపటికి గాని తేటనీళ్ళు రావు. తేటనీళ్ళు వచ్చేదాకా ఆపవద్దు. ఆ కడ్డీ లోపలి వైపున తుప్పు పడితే పైకి ఏమీ తెలియదు, తెలిసేసరికి వెల్డింగు పెట్టినా పట్టు నిలవదు. ఇంజను కింద ఉన్న ఇనుప రేకు మీద, డీజిల్ ట్యాంకు పైభాగంలో కూడా ఇలాగే పేరుకుపోతుంది.

రిమ్ముల లోపలివైపు అంటుకున్న మట్టిని చాలామంది పట్టించుకోరు. అది ఒక పక్కనే ఎండి ఉంటే రాజమండ్రి రోడ్డెక్కి వేగం పెంచగానే స్టీరింగు వణుకుతుంది. అలైన్‌మెంటు పోయిందనుకుని డబ్బులు పోసేవాళ్ళను నేను చూశాను. వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు కనుక వాటి లోపలికి చేరిన ఇసుక బయటికి పోయే దారి లేదు. వాగు దాటిన ప్రతిసారీ కొంతదూరం బ్రేకును తేలికగా నొక్కుతూ నడిపితే తడి ఆరుతుంది గాని ఇసుక పోదు. అందుకు డ్రమ్ము విప్పి, దానికి ఒరుసుకుని చక్రాన్ని ఆపే షూలను తుడిచి, హ్యాండ్‌బ్రేకు తీగ సాఫీగా కదులుతోందో లేదో చూడవలసిందే. వర్షాకాలంలో నెలకొకసారి ఆ పని పెట్టుకో. తడిసిన బండిని హ్యాండ్‌బ్రేకు వేసి రాత్రంతా నిలిపితే షూలు డ్రమ్ముకు పట్టేస్తాయి. సమతలం మీద గేరులో నిలిపి, చక్రం కింద రాయి పెట్టడం మేలు.

రేడియేటరు దగ్గర ప్రెషరు నీళ్ళు వాడనివ్వకు. దాని రెక్కలు పల్చటి అల్యూమినియం రేకులు, దగ్గర నుంచి కొడితే పడుకుంటాయి, పడుకున్నచోట గాలి ఆడదు. మామూలు గొట్టంతో, ఇంజను వైపు నుంచి బయటికి, బురద వచ్చిన దారినే వెనక్కి పంపాలి. కొండ ఎక్కేటప్పుడు వేడి ముల్లు పైకి పోతోందంటే నీళ్ళు తగ్గాయో లేదో చూసిన తరువాత అనుమానించవలసింది ఈ రెక్కల్నే. ఆల్టర్నేటరు మీదా, వైర్ల కనెక్టర్ల మీదా, నూనె కారకుండా ఆపే ఆయిల్ సీళ్ళ మీదా కూడా ప్రెషరు నీళ్ళు సూటిగా పడకూడదు.

ఇప్పుడు నీ చేత తప్పనిసరిగా చేయించదలచుకున్న పని గురించి చెబుతాను. కొండ ఎక్కి దిగిన బండికి డిఫరెన్షియల్, అంటే యాక్సిల్ మీద చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె, లోపలి నూనె, దానితోపాటు లోపలి గాలి వేడెక్కి ఉంటాయి. ఆ వేడిమీద బండి వాగులో దిగితే గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోయి, బయటి నుంచి ఏది దొరికితే దానిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలి రాకపోకల కోసమే ఆ పెట్టె గుల్ల, అంటే హౌసింగు, పైన బ్రీదరు అని చిన్న మూత, గొట్టం పెట్టారు. అది బురదతో మూసుకుపోతే ఆయిల్ సీలు అంచుల నుంచి నీళ్ళు లోపలికి పోతాయి. మళ్ళీ వేడెక్కినప్పుడు అదే సీలు నుంచి నూనె బయటికి తన్నుకువచ్చి వెనక బ్రేకు షూల మీద పడుతుంది. కనుక బండి కడిగిన ప్రతిసారీ బ్రీదరును చేత్తో తాకి, తుడిచి, గాలి ఆడుతోందో లేదో చూడు. గొట్టాన్ని పొడిగించి ఇంజను గదిలో ఎత్తుగా కట్టించుకుంటే ఇంకా మంచిది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

లోతు నీళ్ళలో దిగిన మర్నాడు ఉదయం, బండి కదపకముందే నూనె చూడాలి. హౌసింగుకు పక్కన ఒక మర, అడుగున ఒక మర ఉంటాయి. ముందుగా పక్క మరనే విప్పు, ఎందుకంటే అది బిగుసుకుపోయి రానప్పుడు అడుగుమర విప్పేస్తే పాత నూనె పోయి, కొత్తది పోయడానికి దారి లేక కూర్చుంటావు. చిటికెనవేలు లోపలికి పెట్టి నూనె తీసి ఎండలో చూడు. తేనె రంగులోనో నల్లగానో ఉంటే భయం లేదు. పాలు కలిపిన టీ రంగుకు మారి, వేళ్ళ మధ్య రాస్తే పట్టు లేకుండా జారిపోతుంటే నీళ్ళు చేరినట్టే. రాత్రంతా నిలిచిన బండిలో నీళ్ళు అడుగుకు దిగుతాయి కనుక అడుగుమరను కొద్దిగా వదులు చేస్తే నూనెకన్నా ముందు నీటిబొట్లు వస్తాయి. ఇక ఆలోచించవద్దు, ఆ రోజే మార్చు. ముందు చక్రాల డిఫరెన్షియల్, గేర్‌బాక్సు, ముందు వెనక యాక్సిళ్ళకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కూడా ఇలాగే చూడాలి. నూనె ఖర్చుకు వెనకాడితే డిఫరెన్షియల్ లోపలి పళ్ళచక్రాలు క్రౌన్, పినియన్ మార్చే ఖర్చు దానికి ఎన్నో రెట్లు అవుతుంది.

కడగడం అయ్యాక గ్రీజు కొట్టాలి, అంతకుముందు కాదు. యాక్సిల్‌కు బలం మోసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు క్రాసులకూ, గ్రీజు ఎక్కించే నిపుల్ ఉన్న ప్రతిచోటా, మట్టితో కలిసిన పాత గ్రీజు బయటికి వచ్చి, దాని వెనక శుభ్రమైన కొత్త గ్రీజు కనబడేదాకా గన్ను కొట్టు. నిపుల్ తల తుడవకుండా కొడితే ఆ మట్టినే లోపలికి ఎక్కించినవాడివి అవుతావు. ముందు చక్రాల యాక్సిల్ జాయింట్లను కప్పే రబ్బరు బూట్లు ఎక్కడైనా చిరిగాయేమో వేలితో మడతలు విప్పి చూడు. చిరుగు చిన్నదే అయినా ఒక వర్షాకాలంలో లోపలి జాయింటును తినేస్తుంది.

ఎయిర్ ఫిల్టరు డబ్బా విప్పి చూడు, కాగితం తడిసి ఉంటే ఎండబెట్టి వాడే ప్రయత్నం చేయక పారవేయి. వాగు మధ్యలో ఇంజను ఆగిపోతే మాత్రం మళ్ళీ సెల్ఫు కొట్టవద్దు. సిలిండరులోకి నీళ్ళు పోయి ఉంటే అవి గాలిలా అణగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. 2020లో వచ్చిన కొత్త థార్‌కు 650 మిల్లీమీటర్ల నీటిలోతు దాకా పోవచ్చునని కంపెనీ చెబుతుంది. ఆ లెక్క నీ పాత బండికి వర్తించదు.

సర్వీసింగ్ షాపుల్లో కడిగాక కింద డీజిలు కొడతారు. నల్లగా నిగనిగలాడుతుంది కనుక చూడటానికి బాగానే ఉంటుంది, కాని డీజిలు రబ్బరు బుష్షులను ఉబ్బించి మెత్తబరుస్తుంది, మర్నాటి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. వద్దని గట్టిగా చెప్పు. తుప్పు మందు వేయించాలనుకుంటే వానలు వెనకబడ్డాక, అడుగంతా పూర్తిగా ఆరిన తరువాతే వేయించు; తడి మట్టి మీద వేస్తే తేమను లోపల పెట్టి తలుపు వేసినట్టే.

బండిని వాగులో నిలిపి కడిగే అలవాటు అక్కడ చాలామందికి ఉంది. దిగువన గూడేలవాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు, కనుక నూనె, గ్రీజు అందులో కలపవద్దు. నీ ఇంటి దగ్గర కంకర పరిచి, ఒక డ్రమ్ము నీళ్ళు పెట్టుకో, చాలు.

వానలు తగ్గాక గుడిస మీద గడ్డి నడుమెత్తు పెరుగుతుంది. అది ప్రొపెల్లర్ షాఫ్టుకు చుట్టుకుని సీళ్ళను కోస్తుంది, సైలెన్సరుకు అంటుకుని ఎండితే నిప్పు రాజుకునే ప్రమాదం కూడా ఉంది. ఆ రోజుల్లో దిగగానే, మిగతా పనులు రేపటికి వాయిదా వేసినా, టార్చిలైటు పట్టుకుని కిందికి ఒకసారి తొంగిచూసి గడ్డి పీకేయి. దీపావళి లోపల ఒకరోజు బండి తీసుకుని రాజమండ్రి రా, వెనక డ్రమ్ములు విప్పి చూద్దాం. వచ్చేటప్పుడు వెనక ఆయిల్ సీళ్ళ జత కొని తీసుకురా, విప్పాక వెతుక్కుంటే ఆ రోజు పని పూర్తి కాదు.

ఇట్లు,
మీ మావయ్య