గుర్రం నడకలోనే హార్ట్ రేట్ మానిటర్ 200 దాటి చూపిస్తోంది: సమాధానం

గుర్రం నడకలో ఉన్నప్పుడే దాని గుండె వేగం కొలిచే మానిటర్ నిమిషానికి 200 దాటి చూపిస్తోందని, ఏం చేయాలని అడిగారు. ముందు ఎలక్ట్రోడ్లనే (గుండె సిగ్నల్ అందుకోవడానికి గుర్రం ఒంటికి ఆనించే మెత్తలు) అనుమానించండి. గుర్రం మామూలుగానే ఉందని, చెమట పట్టాక అంకె దానంతటదే దిగుతోందని మీరే రాశారు కదా. పొడి వెంట్రుకల మీద సిగ్నల్ సరిగా అందదు.

1. ఒక ఎలక్ట్రోడ్ జీను కింద, ఎడమవైపు మూపు వెనక ఉండాలి. రెండోది ఎడమ మోచేయి వెనక, గర్త్ పట్టీ (జీనును పొట్ట కింద నుంచి బిగించేది) కింద.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఎలక్ట్రోడ్‌ను తడిపి ఊరుకుంటారు. వెంట్రుకలనూ చర్మం దాకా తడపాలి. పైపైన చల్లితే నీళ్లు జారిపోతాయి. వేళ్లతో విడదీసి, స్పాంజితో పట్టించండి. వేలికి చర్మం తడిగా తగలాలి. చలికాలపు దట్టమైన బొచ్చయితే నీళ్లు చాలవు, ఎలక్ట్రోడ్ జెల్ రాయండి.

3. తర్వాత స్టెతస్కోప్‌తో 15 సెకన్లు గుండె చప్పుళ్లు లెక్కపెట్టి 4తో గుణించండి. మానిటర్ సరిగ్గా రెట్టింపు చూపిస్తుంటే, ఈసీజీలోని టీ తరంగాన్ని, అంటే ప్రతి స్పందన చివర వచ్చే విద్యుత్ అలను కూడా, మరో గుండె చప్పుడుగా లెక్కేస్తుండవచ్చు (గుర్రాల్లో అది పెద్దగానే ఉంటుంది). ఎలక్ట్రోడ్‌ను కాస్త జరిపి చూడండి.

స్టెతస్కోప్‌లోనూ అంతే వస్తే తప్పు మానిటర్‌ది కాదు. వెంటనే దిగి, రైడ్ ఆపి వెట్‌కు (పశువైద్యుడికి) చూపించండి.