ఫ్రిజ్ తలుపు తీసి పెడితే గది చల్లబడుతుందా?

ప్రశ్న: మే నెలలో మా ఊరి ఎండలు మీకు తెలిసినవే. ఇంటర్ చదివే మా అబ్బాయి మధ్యాహ్నం కిటికీలన్నీ మూసి, ఫ్రిజ్ తలుపు బార్లా తీసి కూర్చుంటాడు, గదంతా చల్లబడుతుందంటాడు. నిజమేనా? – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: చల్లబడదమ్మా, ఇంకా వేడెక్కుతుంది. తలుపు ముందు కాసేపు చల్లగా తగిలే మాట నిజమే, కానీ ఒకసారి ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడమనండి, సెగ తెలుస్తుంది. లోపల లాగిన వేడిని అది అదే గదిలో వదులుతుంది, పైగా కంప్రెసర్ తినే కరెంటు కూడా చివరికి వేడే అవుతుంది. 150 వాట్ల కంప్రెసర్ గంటసేపు ఆగకుండా తిరిగితే 5,40,000 జౌల్‌ల వేడి వస్తుంది (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో గాలి 30 కిలోల పైన ఉంటుంది, ఆ వేడంతా గాలికే ఎక్కితే 16 డిగ్రీల దాకా పెరగాలి. గోడలు, బీరువా చాలావరకు పీల్చుకుంటాయి కాబట్టి అంత తెలియదు.

"కరెంటు వైరు బయటి నుంచి వస్తోంది కదా, దాని బదులు ఫ్రిజ్‌ని నడిపే బ్యాటరీ కూడా గదిలోనే పెట్టి, వేడి అటూ ఇటూ పోకుండా మూసేస్తే?" అని మీవాడు అడగొచ్చు. చాలా మంచి ప్రశ్న, అసలు పాఠం ఇక్కడే ఉంది. అప్పుడు ఆ గది వివిక్త వ్యవస్థ, అంటే బయటి నుంచి ఏదీ లోపలికి రాదు, లోపలిది ఏదీ బయటికి పోదు. మొత్తం శక్తి ఒక్క జౌల్ కూడా పెరగదు, తరగదు. అయినా గది వేడెక్కుతుంది, ఎందుకంటే బ్యాటరీలో రసాయన శక్తిగా ఉన్నదే వేడిగా మారుతుంది. శక్తి మారకపోతే ఉష్ణోగ్రత కూడా మారదనుకోవడం పిల్లలు తరచూ చేసే పొరపాటు.

ఏసీ అయితే వేడిని గోడ అవతలి యూనిట్ నుంచి వీధిలోకి పంపేస్తుంది. ఫ్రిజ్‌కి ఆ దారి లేదు, తలుపు మూయించండి.