హెడ్‌మాస్టరు లేని పూట

ప్రశ్న: సార్, ఆదోని దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేరి ఎనిమిది నెలలయింది. అంతకు ముందు పద్దెనిమిదేళ్లు సోషల్ టీచర్ని. నేనున్న రోజు బడి బాగానే నడుస్తుంది. మండలంలో మీటింగ్ అని పోయానా, ఆ పూట సగం క్లాసుల్లో టీచర్ ఉండరు. గట్టిగా మాట్లాడితే ముఖం మాడ్చుకుంటారు, మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు. బీఈడీలోనూ ట్రైనింగుల్లోనూ నాయకత్వ సిద్ధాంతాలని చాలా చెప్పారు. అవి బడిలో నిజంగా పనికొస్తాయా, పరీక్ష రాసి మర్చిపోవాల్సినవేనా?
– ఒక హెడ్‌మిస్ట్రెస్, కర్నూలు జిల్లా

జవాబు: పనికొస్తాయమ్మా. కాకపోతే వాటిని మనకు చెప్పిన పద్ధతే బాగాలేదు. పేరు, సంవత్సరం, నాలుగు లక్షణాలు, రెండు లోపాలు, అంతే. ఆ మనిషి ఏం చూసి ఆ మాట అన్నాడో ఎవరూ చెప్పలేదు.

మీరు రాసిన ‘నేనున్న రోజు’ అన్న మాటే తీసుకోండి. కర్ట్ లెవిన్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త, హిట్లర్ వచ్చాక 1933లో జర్మనీ వదిలి అమెరికా వెళ్లిపోయిన యూదుడు, అక్కడ అయోవాలో లిప్పిట్, వైట్ అనే ఇద్దరితో కలిసి పదేళ్లు, పదకొండేళ్లు ఉన్న మగపిల్లల్ని చిన్న చిన్న గుంపులు చేసి, మాస్కులు తయారుచేయడం లాంటి పనులు అప్పజెప్పాడు. ఒక గుంపు మీద ఉన్న పెద్దమనిషి అన్నీ తానే చెప్పి చేయిస్తాడు, ఇంకో గుంపులో పిల్లలతో మాట్లాడి పని పంచుకుంటారు, మూడో గుంపులో ఆయన ఏమీ పట్టించుకోడు. 1939లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నియంతృత్వం, ప్రజాస్వామ్యం, జోక్యం చేసుకోకపోవడం అని మనం బట్టీపట్టింది ఇదే. మన పుస్తకాల్లో సరిగా చెప్పని సంగతి ఒకటుంది. ఆ పెద్దమనిషి కావాలనే ఆలస్యంగా వచ్చేవాడు, మధ్యలో బయటికి వెళ్లిపోయేవాడు. అదమాయించి చేయించిన గుంపులో ఆయన ఎదురుగా ఉన్నంతసేపు పని జోరుగా సాగింది, గది దాటగానే పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న గుంపులో మాత్రం ఆయన ఉన్నా లేకున్నా పనిలో పెద్ద తేడా రాలేదు.

నాకిది పుస్తకం చదివి అర్థం కాలేదు. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో నేను కొత్తగా హెడ్‌మాస్టరైన ఏడాది, ఎవరైనా పది నిమిషాలు లేటైతే మెమో ఇచ్చేవాణ్ణి. బడి క్రమశిక్షణలో పడిందని సంతోషంగా కూడా ఉండేది. ఒకరోజు అనంతపురంలో మీటింగ్ ఉంటే బయలుదేరాను, అది వాయిదా పడిందని దారిలో తెలిసి పదకొండు గంటలకే వెనక్కి వచ్చాను. ప్రహరీ గోడ మీద ఆరో తరగతి పిల్లవాడొకడు కూర్చుని ఉన్నాడు. నా స్కూటర్ మలుపు తిరగ్గానే కిందికి దూకి స్టాఫ్‌రూమ్ వైపు పరుగెత్తాడు. వాణ్ణి అక్కడ కూర్చోబెట్టింది పిల్లలు కాదు. ఆ రోజు ఎవరినీ ఒక్క మాట అనలేకపోయాను. నేను ఇచ్చిన మెమోలన్నీ కలిపి ఆ బడికి నేర్పింది కాపలా పెట్టుకోవడమే అనిపించింది, ఇప్పుడు తలుచుకున్నా బాధగానే ఉంటుంది.

అలాగని మెమో ఎప్పుడూ ఇవ్వకూడదు అనడం లేదు. రిజిస్టరు, రూలు, ఎవరి బాధ్యత ఏమిటో రాతలో ఉండటం, ఇవన్నీ మాక్స్ వెబర్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త చెప్పిన అధికార యంత్రాంగం లక్షణాలు. బడి ఒక మనిషి ఇష్టాయిష్టాల మీద నడవకుండా కాపాడేవి అవే. మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క, గుడ్ల లెక్క కాగితం మీద లేకపోతే రేపు నష్టపోయేది పిల్లలే, ఇరుక్కునేది మీరు.

ఇక మీ స్టాఫ్ సంగతి. డగ్లస్ మెక్‌గ్రెగర్ అనే అమెరికా ప్రొఫెసర్ 1960లో ఎక్స్, వై అని రెండు నమ్మకాల గురించి రాశాడు. మనుషులకు పనంటే ఇష్టముండదు, వెంటపడి చేయించాలి అనుకోవడం ఎక్స్. అవకాశమిస్తే తామే బాధ్యత తీసుకుంటారు అనుకోవడం వై. చాలామంది దీన్ని టీచర్లలో రెండు రకాలు అని పొరపాటుగా చదువుతారు. ఆయన రాసింది పై అధికారి మనసులో ఉన్న నమ్మకం గురించి. పనిదొంగలని మీరు ముందే తేల్చేసుకుంటే దానికి తగ్గట్టే ప్రవర్తిస్తారు, వాళ్లూ మీ నమ్మకానికి తగ్గట్టే తయారవుతారు.

మెత్తగా ఉండాలా గట్టిగా ఉండాలా అన్నారు. అందర్నీ ఒకే గాటన కడితే ఏ పద్ధతీ కుదరదు. హెర్సీ, బ్లాంచర్డ్ అనే ఇద్దరు 1969 నుంచి చెబుతూ వచ్చింది ఇదే: ఆ మనిషికి ఆ పని ఎంత వచ్చు, చేయాలన్న మనసు ఎంత ఉంది, అది చూసి మీ తీరు మార్చుకోవాలి. నిన్నగాక మొన్న డీఎస్సీలో వచ్చిన అమ్మాయికి ‘నీ ఇష్టం, నువ్వే చూసుకో’ అంటే అది స్వేచ్ఛ కాదు, ఆమెను నడిబావిలో వదిలేయడం. పక్కన కూర్చుని చూపించాలి. ఇరవై ఏళ్ల అనుభవమున్న సార్‌కు లెసన్ ప్లాన్‌లో అక్షరదోషాలు దిద్దితే అది అవమానం. ఆయన చేతికి ఒక పని పూర్తిగా ఇచ్చేయండి. దసరా దాటాక మీ వైపు కుటుంబాలు పత్తికీ మిరపకూ సుగ్గికి, అంటే కూలికి వలస, పోతాయి కదా, పిల్లల్ని కూడా తీసుకుపోతాయి. ఏ ఇంట్లో అవ్వాతాతలున్నారు, ఏ పిల్లను ఊళ్లోనే ఆపగలం అన్నది ఆ ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న టీచర్‌కే బాగా తెలుస్తుంది. ఆ జాబితా, ఆ ఇళ్లకు వెళ్లి మాట్లాడటం ఆయనకు అప్పగించి మీరు వెనక నిలబడండి.

మీరు లేని పూట టైమ్ టేబుల్ సర్దుబాటు కూడా స్టాఫ్‌లో ఒకరి చేతికి ఇవ్వండి, నెలకొకరు చొప్పున. ఖాళీ క్లాసుకు ఎవరిని పంపాలా అని ఒక్క నెల తల పట్టుకున్నవాళ్లు తర్వాత తమ క్లాసు వదలడానికి వెనకాడతారు. మా బడిలో అందరికన్నా ఆలస్యంగా వచ్చే సార్‌కే ఇచ్చి చూశాను, ఆయన మారాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. న్యూజిలాండ్‌కు చెందిన వివియన్ రాబిన్సన్, తోటివారితో కలిసి, అంతకు ముందు జరిగిన ఇరవైకి పైగా పరిశోధనలు దగ్గర పెట్టుకుని 2008లో ఒక పోలిక చేశారు. స్ఫూర్తినిచ్చే నాయకత్వం కన్నా, బోధన మీద దృష్టి పెట్టిన నాయకత్వం వల్ల పిల్లల చదువుకు మూడు నాలుగు రెట్లు ఎక్కువ మేలు జరిగిందని తేలింది. అందులోనూ అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది హెడ్‌మాస్టరు టీచర్లతో పాటు కూర్చుని తానూ నేర్చుకోవడం. ట్రైనింగుకు వాళ్లను పంపి తాను ఆఫీసులో ఉండిపోవడం కాదు.

వారానికి రెండు పీరియడ్లు ఏదో ఒక క్లాసులో చివరి బెంచీలో కూర్చోండి, చేతిలో పుస్తకం, పెన్ను లేకుండా. నేను అలా కూర్చున్న మొదటి రోజే, లెక్కల్లో వెనకబడ్డారని అందరం తిడుతున్న చివరి వరస పిల్లలకు బోర్డు సగం కనపడటం లేదని తెలిసింది. పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా బోర్డు మీద పడి మెరుస్తోంది. ముందు నిలబడి చెప్పే మేడంకు అది తెలిసే వీలే లేదు. ఒక పాత దుప్పటి కిటికీకి కట్టాం. ఆ తర్వాత నేను క్లాసులోకి వస్తే ఆమె బిగుసుకుపోవడం మానేసింది, ‘సార్, భిన్నాలు ఇంకెలా చెప్పొచ్చు’ అని తనే అడిగింది. మెమోల కాలంలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

యాప్‌లూ ఫోటోలూ మీటింగులూ మీ టైమంతా తినేస్తాయని తెలుసు. అయినా ఆ రెండు పీరియడ్లు టైమ్ టేబుల్లోనే మీ పేరుతో రాసేయండి.

ప్రశ్న: కడప జిల్లాలో మా ఊరి బడి కమిటీలో మెంబర్ని సార్. పిలిచి రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని పంపిస్తారు. పెద్దగా చదువుకోనిదాన్ని, నేనేం అడగగలను?
– ఒక తల్లి

జవాబు: చాలా అడగొచ్చమ్మా. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో గమనించడం మీ పని. దానికి చదువు అడ్డం కాదు. హెడ్‌మాస్టరుతో తగువుకు పోవాల్సిన పనీ లేదు, మంచి హెడ్‌మాస్టరుకు మీలాంటి వాళ్లు పక్కన ఉంటే ధైర్యం. ఈసారి పిలిచినప్పుడు సంతకానికి ముందు తీర్మానం పైకి చదవమనండి. తర్వాత ఒక్కటి అడగండి: సార్‌లు మీటింగుకు పోయిన పూట మా పిల్లల క్లాసుకు ఎవరు వెళ్తున్నారు? ఆ జవాబు కూడా రిజిస్టర్లో రాయించి, అప్పుడు సంతకం పెట్టండి.