పోయిన సబ్జెక్టు వేరు, పోయిన హాజరు వేరు

నాన్నా కార్తీక్,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బీటెక్ మొదటి సెమిస్టర్‌లో నీకు మ్యాథ్స్, కెమిస్ట్రీ పోయాయని చెప్పి చాలాసేపు బాధపడింది. మాటల మధ్యలో, ఈ సెమిస్టర్ సగానికి నీ అటెండెన్స్ 71 శాతం ఉందని కూడా అంది. సబ్జెక్టులు పోయినందుకు నాకు అంత కంగారు లేదు కానీ, ఆ 71 విన్నాక నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం.

మీ పెద్దమ్మను, నేను ఇరవై రెండేళ్ళు ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఎగ్జామ్ బ్రాంచిలో పనిచేశానని నీకు తెలుసు. ఆ కిటికీ అవతల నిలబడి ఏడ్చిన పిల్లల్లో చదువు రానివాళ్ళు చాలా తక్కువ. లెక్క చూసుకోనివాళ్ళే ఎక్కువ.

ముందు నీ సబ్జెక్టుల సంగతి. నువ్వు జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్‌లో, అంటే 2022లో చేరిన బ్యాచ్ నుంచి వచ్చిన నిబంధనల కింద ఉన్నావు. నాలుగేళ్ళకు 160 క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు), అంటే ఏడాదికి 40, సెమిస్టర్‌కు 20. వారానికి ఒక గంట పాఠం అంటే ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్ అంటే ఒక క్రెడిట్. మ్యాథ్స్ నాలుగు, కెమిస్ట్రీ నాలుగు, మొత్తం ఎనిమిది పోయాయి. పన్నెండు నీ చేతిలో ఉన్నాయి. రెండో ఏడాదిలోకి వెళ్ళాలంటే మొదటి ఏడాది 40లో సగం, అంటే 20 రావాలి. ఈ సెమిస్టర్‌లో ఇంకో ఎనిమిది తెచ్చుకుంటే క్రెడిట్ల వరకు గండం గడిచినట్టే. ఈలోగా సప్లీ, అంటే పోయిన సబ్జెక్టుకు మళ్ళీ పెట్టే పరీక్ష, రాసి మ్యాథ్స్ గట్టెక్కినా ఆ నాలుగూ ఇందులోనే కలుస్తాయి.

మీ హాస్టల్లో పిల్లలు 'నాకు రెండు బ్యాక్‌లాగ్స్, వాడికి మూడు' అని పోల్చుకుంటూ ఉంటారు. ఆ లెక్క పనికిరాదు. మూడు ల్యాబ్‌లు పోయినవాడు మూడు క్రెడిట్లే పోగొట్టుకున్నాడు, రెండు పెద్ద సబ్జెక్టులు పోయిన నువ్వు ఎనిమిది పోగొట్టుకున్నావు. ఎన్ని పోయాయని కాదు, ఎన్ని క్రెడిట్లవి పోయాయో చూడాలి. మూడో ఏడాదికి వెళ్ళేటప్పుడు గీత ఇంకా పైకి జరుగుతుంది. అప్పటిదాకా ఉన్న 80 క్రెడిట్లలో 60 శాతం, అంటే 48 చేతిలో ఉండాలి. ఈ ఎనిమిదిని మోసుకుంటూ అక్కడిదాకా వెళ్ళకు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. సబ్జెక్టు పోతే మళ్ళీ పరీక్ష ఉంది. హాజరు పోతే దానికి సప్లీ లేదు. పోయిన రోజును ఎవరూ తెచ్చివ్వలేరు, నేనూ తేలేను, మీ ప్రిన్సిపాల్ గారూ తేలేరు. అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం, దానికి కాగితాలు చూపించి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే తక్కువైన హాజరుకు మినహాయింపు, అడగొచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం కాలేజీ కమిటీ ఇష్టం. 'కండొనేషన్ కట్టేస్తే అయిపోతుంది' అని మీ సీనియర్లు చెబుతారు, దాన్ని టికెట్ అనుకోకు. 65కి తగ్గితే అడగడానికి కూడా దారి లేదు. డిటెయిన్ అవుతావు. ఆ సెమిస్టర్ మళ్ళీ వచ్చేవరకు ఆగి, కింది బ్యాచ్‌తో కూర్చోవాలి. ఈలోగా రెగ్యులేషన్ మారితే కొత్త బ్యాచ్ సబ్జెక్టులతో సర్దుకోవాలి. మళ్ళీ చదివే కాలానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, ఆ డబ్బు మీ నాన్న చేతి నుంచి పెట్టుకోవాలి. మిర్చి ధర ఎలా ఉందో నీకు చెప్పక్కర్లేదు.

ఒక అబ్బాయి గురించి చెబుతాను. మా కాలేజీలోనే, రెండో ఏడాది. డిటెన్షన్ లిస్టు నోటీసు బోర్డులో పెట్టిన మధ్యాహ్నం వాళ్ళ నాన్నను వెంటపెట్టుకుని వచ్చాడు. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో డాక్టరు రాసిన సర్టిఫికెట్. నేను రిజిస్టరు తీసి ఆయన ముందే లెక్క వేశాను. మొత్తం 540 పీరియడ్లు, పిల్లవాడివి 348. 65 శాతానికి 351 కావాలి. మూడు పీరియడ్లు తక్కువ. సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్ష రాస్తే ఒక్కో థియరీ సబ్జెక్టుకు రెండు పీరియడ్ల హాజరు వేస్తారని ఆ అబ్బాయికి తెలియదు. మొదటి మిడ్‌లో మంచి మార్కులు వచ్చాయని రెండో మిడ్‌లో రెండు పేపర్లు రాయకుండా ఊరికి వెళ్ళిపోయాడు. ఆ రెండూ రాసి ఉంటే 352. ఆయన సర్టిఫికెట్‌ను మళ్ళీ నాలుగు మడతలు పెట్టి కవర్లో పెట్టుకున్నారు. ఒక్క మాట కూడా అనలేదు. మిడ్ ముందురోజు క్లాసుకు వెళ్ళి ఈ సంగతి చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే నీకు ముందే చెబుతున్నాను.

ఇప్పుడు కాగితం తీసి నీ లెక్క వెయ్యి. సెమిస్టర్ 90 రోజులు అనుకుందాం. సగం అయింది, 45 రోజుల్లో 32 రోజులు వెళ్ళావు. 75 శాతానికి 68 రోజులు కావాలి. మిగిలిన 45లో 36 రోజులు వెళ్ళాలి. అంటే ఇకమీదట నువ్వు మానగలిగింది తొమ్మిది రోజులే. జ్వరం వచ్చినా, మీ బావ పెళ్ళికి వచ్చినా ఆ తొమ్మిదిలోంచే పోవాలి. పెళ్ళికి రెండు రోజులకు మించి రావద్దు, మీ అమ్మతో నేను మాట్లాడతాను. కాలేజీ వాళ్ళు పీరియడ్లలో లెక్కేస్తారు కాబట్టి ల్యాబ్ ఉన్న మధ్యాహ్నం అస్సలు మానకు, ఒక్క పూటతో రెండు మూడు పీరియడ్లు పోతాయి. నెలనెలా పెట్టే హాజరు లిస్టులో నీ లెక్కకు తేడా కనిపిస్తే ఆ వారంలోనే సార్‌ను కలిసి సరిచేయించుకో. సెమిస్టర్ చివర్లో అడిగితే ఎవరికీ గుర్తుండదు.

మ్యాథ్స్ సప్లీ గురించి. ఎక్స్‌టర్నల్, అంటే సెమిస్టర్ చివరి పరీక్షలో, 60కి 21 రావాలి, మిడ్స్ లాంటి వాటికి వేసే ఇంటర్నల్ మార్కులు కలిపి 100కి 40 రావాలి. సప్లీలో ఇంటర్నల్ మారదు, పాతదే ఉంటుంది. నీకు ఇంటర్నల్ 15 ఉంటే 21తో పాస్ అవ్వవు, 25 కావాలి. మెమో చూసి ఆ అంకె పుస్తకం అట్ట లోపల రాసుకుని దానికి తగ్గట్టు చదువు. పేపరు మళ్ళీ దిద్దించే రీవాల్యుయేషన్‌కు పెట్టావని సప్లీ ఫీజు ఆపకు. రీవాల్యుయేషన్ ఫలితం వచ్చేసరికి సప్లీ ఫీజు గడువు దాటిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. రెండూ కట్టు. ఆ కొంచెం డబ్బు నేను పంపుతాను, మొహమాటపడకు.

ఇంకో చిన్న సంగతి, అందరూ తేలిగ్గా తీసుకునేది. రెండో ఏడాది నుంచి కాన్‌స్టిట్యూషన్, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లాంటివి వస్తాయి. వాటికి క్రెడిట్లు సున్నా. సున్నాయే కదా అని వదిలేస్తే డిగ్రీ చేతికి రాదు, పాస్ అయి తీరాలి. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి, జాయినింగ్ తేదీ కూడా వచ్చాక ఇలాంటి ఒక్క పేపరు కోసం మా కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చిన అమ్మాయిని చూశాను.

డిజీలాకర్‌లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా తెరిచావా? నీ క్రెడిట్లు అందులో జమ అవుతాయి. ఆధార్‌లో నీ పేరు, టెన్త్ మెమోలో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసుకో. మీ అమ్మ ఆధార్‌లో ఇంటిపేరు చివర రాయించింది, టెన్త్‌లో ముందుంది అనుకుంటాను. ఈ సెలవుల్లో సరిచేయించు.

రెగ్యులేషన్ పీడీఎఫ్ యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఉంటుంది. సిలబస్ పక్కన పెట్టి ముందున్న నిబంధనల పేజీలు చదువు. హాజరు, ప్రమోషన్, మిడ్స్, ఈ మూడు భాగాలూ రెండుసార్లు చదువు. నిబంధనలు మధ్యలో మారుతుంటాయి కాబట్టి నేను చెప్పినవి కూడా అందులో ఒకసారి సరిచూసుకో. అర్థం కాని చోట గీత గీసి నాకు ఫోటో పంపు.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. అప్పటికి నీ మొదటి సెమిస్టర్ మెమో, ఈ నెల హాజరు లిస్టు వాట్సాప్‌లో పెట్టి ఉంచు. ఇద్దరం కూర్చుని లెక్క చూద్దాం. మీ అమ్మ కంగారు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు రేపు మొదటి పీరియడ్‌కే క్లాసులో ఉండు.

ప్రేమతో,
పెద్దమ్మ