కడపలో అబ్‌స్ట్రాక్ట్ బొమ్మల ఎగ్జిబిషన్ పెడితే జనం వస్తారా?

మీరడిగినవి రెండు. ఊళ్లో బొమ్మలు వేసేవాళ్లంతా కలిసి అచ్చంగా అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలే, అంటే మనిషి, చెట్టు అని గుర్తుపట్టే ఆకారం లేకుండా రంగులు, గీతలతో వేసేవి పెడితే కడపలో ఎవరైనా చూస్తారా అన్నది ఒకటి, చూసినవాళ్లు "ఇదేం బొమ్మ?" అంటే ఏం చెప్పాలన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నది. వస్తారు. మేం ఏడెనిమిది మందిమి కలిసి ఇక్కడే పెట్టాం, సాయంత్రమైతే హాల్లో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. పొద్దున పూట మాత్రం ఈగలు తోలుకోవడమే. కాబట్టి సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా తెరిస్తే చాలు.

ఇక "ఇదేం బొమ్మ?" సంగతి. నా సలహా ఒక్కటే, అర్థం చెప్పకండి, ఎలా చేశారో చెప్పండి.

మాలో ఒక డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. ఎవరైనా నోరు తెరిచారో లేదో "ఇది మనిషిలోని అంతర్మథనం" అని మొదలుపెట్టేవారు. వచ్చినవాళ్లు పెద్దమనిషి కదా అని మర్యాదగా తలూపి, పక్క బొమ్మ కూడా చూడకుండా బయటికి నడిచేవాళ్లు. ఆ పక్కనే ఇంకొకాయన. ఒకప్పుడు షాపులకు బోర్డులు రాసేవాడు, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఆయన తీరు వేరు. "ఇది ముగ్గురాయి పొడి అన్నా, మన మంగంపేటది. ఫెవికాల్‌లో కలిపి తాపీతో పట్టించినా. ఆరినాక ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లా పైన పూత పూసినా" అనేవాడు. ఆయన ముందు నుంచి గుంపు కదిలేది కాదు.

మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్, గనుల గురించి ఇక్కడ తెలియనివాళ్లు ఉండరు. ప్రపంచంలోని పెద్ద నిల్వల్లో అదొకటి. చమురు బావులు తవ్వే చోటికి ఎక్కువగా పోతుంది, కొంత పెయింట్ల కంపెనీలకూ పోతుంది. అయితే ఆ రాయి బొమ్మలోకి ఎక్కడం ఎవరూ చూసి ఉండరు. పైగా అది మామూలు సున్నపురాయి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు, కాన్వాసు మీద పట్టిస్తే గుడ్డ సాగి కిందికి జారుతుంది. అందుకే ఆయన ప్లైవుడ్ మీద చేశాడు. "ఎత్తి చూడండి సామీ" అని ఒక చిన్న పలకను చేతికిచ్చేవాడు. పట్టుకున్నవాళ్ల చేయి ఒక్కసారిగా కిందికి దిగేది, నవ్వేవాళ్లు, ఆ తర్వాత బొమ్మను ఇంకాస్త దగ్గరగా చూసేవాళ్లు.

ఎర్రగుంట్ల వైపు నుంచి బండల పాలిష్ చేసే మేస్త్రీ ఒకాయన వచ్చాడు. బూడిదరంగు పెద్ద బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక మూల ఓ జానెడు మేర గరుగ్గా ఉంటుంది, మిగతాదంతా నున్నన. వేలు తాకించకుండా దాని మీదుగా పోనిచ్చి, "ఈడ పాలిష్ తప్పినావా, కావాలని ఇడిసినావా?" అన్నాడు. వేసిన కుర్రాడు "కావాలనే మామా" అన్నాడు. "అదీ. ఇదంతా నున్నగా ఉంటే కన్ను నిలవదు" అని చెప్పి పోయాడు. పత్రికల్లో రాసే కళా విమర్శలు నేను చదివినంతలో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు. కడప బండలు ఏరుకునేటప్పుడు మనవాళ్లు నీలం జీర ఎక్కడుంది, తేట ఎంత, నలుపు ఎంత అని గంటలకొద్దీ చూస్తారు. ఆ చూపుతోనే వాళ్లను బొమ్మ దగ్గరికి తీసుకురావాలి, మన పని అంతవరకే.

"మా నాలుగో క్లాసు పిల్లోడు కూడా వేస్తాడు" అనేవాళ్లు తప్పకుండా వస్తారు. వాదన పెట్టుకోకండి. ఒక బల్ల మీద కాగితాలు, రంగులు ఉంచి "వేయించండి" అనండి. పిల్లలు ఎలాగూ వేస్తారు, కాసేపటికి నాన్నలు కూడా బ్రష్ పట్టుకుంటారు.

పేరున్న చిత్రకారుల కబుర్లు చెప్పేటప్పుడు కొంచెం జాగ్రత్త. మన దేశపు పేరున్న అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు వి.ఎస్. గైతొండే బొమ్మ ఒకటి 2015లో ముంబైలో వేలానికి వస్తే 29.3 కోట్లు పలికింది. ఆ వార్త కటింగ్ మావాడొకడు గుమ్మం దగ్గర అంటించాడు. ఇక చూడండి, వచ్చిన ప్రతివాడూ "ఇదెంత? అదెంత?" అనడమే. పీకి పారేశాం. గైతొండే మాట ఎత్తితే రోలర్‌తో, రంగు పట్టించే నైఫ్‌తో రంగు పూసి, గీకి, మళ్లీ పూసే పద్ధతి చెప్పండి. గోడలకు రంగులేసే కుర్రాళ్లు చెవులు రిక్కించి వింటారు.

మిగతావి పనికి సంబంధించినవి. హాలు వాళ్లు గోడకు మేకు కొట్టనివ్వరు. షామియానా సప్లయర్స్ దగ్గర ఇనుప పైపులు అద్దెకు తెచ్చి తెల్లగుడ్డ కట్టించి, తంగూసుతో బొమ్మలు వేలాడదీయండి. బొమ్మ నడిమి భాగం చూసేవాళ్ల కంటికి ఎదురుగా ఉండాలి. ట్యూబ్‌లైటు సరిగ్గా ఎదురుగా ఉంటే వార్నిష్ మీద పడి మెరుపు తప్ప ఇంకేమీ కనపడదు. బొమ్మ తీసుకున్నప్పుడే వెనక పైకి బాణం గుర్తు వేయించుకోండి. ఈ రకం బొమ్మలను తలకిందులుగా తగిలించడం చాలా తేలిక. అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ అంతటివాడే ఓ సాయంత్రం స్టూడియోకి తిరిగొచ్చి, పక్కకు ఒరిగి ఉన్న తన బొమ్మనే గుర్తుపట్టలేక దాని అందానికి ఆశ్చర్యపోయానని రాసుకున్నాడు.

ఎండాకాలం వద్దే వద్దు. జనం రారన్నది ఒకటైతే, మన ఎండకు యాక్రిలిక్ రంగు మెత్తబడి అంటుకుంటుంది. బబుల్ ర్యాప్ నేరుగా చుడితే గుండ్రని అచ్చులు పడతాయి. ముందు బటర్ పేపర్ వేసి, దాని మీద చుట్టండి.

యోగి వేమన యూనివర్సిటీలోనూ, డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలోనూ బొమ్మలు నేర్చుకునే పిల్లలున్నారు, ముందుగా వాళ్లను కలవండి. తగిలించడానికి మనుషులు దొరుకుతారు, కొందరి బొమ్మలూ దొరుకుతాయి.

అమ్మకాలు అడగలేదు గానీ చెబుతున్నా. పెద్ద కాన్వాసులు ఇక్కడ పోతాయని లెక్కలు వేసుకోకండి. వాటిని జనవరిలో బెంగళూరు చిత్రకళా పరిషత్తు వాళ్లు పెట్టే బొమ్మల సంత, చిత్రసంతెకు తీసుకుపోవచ్చు. కడపలో పోయేవి కాగితం మీద వేసిన చిన్నవి, అదీ ఫ్రేము లేకుండా. ఫ్రేము ఖర్చు ధరలో కలిపితే చేతిలోకి తీసుకున్నవాళ్లు కూడా బల్ల మీద పెట్టేసి పోతారు.