పాత ఇల్లు పడగొడితే ఏది మళ్ళీ పనికొస్తుంది?

ముందుగా చూడాల్సింది ఇటుకల మధ్య ఉన్న అతుకు. సున్నంతో కట్టిన గోడైతే ఇటుకలు చాలావరకు పగలకుండా ఊడతాయి. సిమెంటు గోడలో అతుకు కంటే ఇటుకే ముందు పగులుతుంది, కాబట్టి అక్కడ పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

జేసీబీ చివర్లోనే రావాలి. కట్టిన వరుసకు తలకిందులుగా విప్పించండి: తలుపులు, కిటికీలు, వైరింగు, పెంకులు, దూలాలు, ఆపైన గోడలు.

ఊడిన ఇటుకను బాగా ఆరబెట్టి తూచి, 24 గంటలు నీళ్ళలో నానబెట్టి మళ్ళీ తూచండి. బరువు 20 శాతం కంటే ఎక్కువ పెరిగితే పక్కన పెట్టేయండి. బాత్‌రూమ్ గోడలవి, పునాది దగ్గరి వరుసలవి, ఉప్పు పట్టినవి వాడితే కొత్త ప్లాస్టరింగు పెచ్చులూడుతుంది. మంచివైనా ప్రహరీకి, అడ్డుగోడలకే వాడటం మేలు.

టేకు ద్వారబంధాలు, దూలాలు బంగారమే. కానీ కోత మిల్లుకు పంపేముందు మేకులన్నీ పీకించాలి. లోపల ఒక్కటి మిగిలినా రంపం పళ్ళు పోతాయి.

స్లాబులోని పాత కమ్మీలను సాగదీసి మళ్ళీ వాడొద్దు. వంచి సరిచేసిన చోట ఇనుము బలహీనపడుతుంది. పాత ఇనుముకు అమ్మేయండి.

కాంక్రీటు ముక్కలను కంకరగా ఆడిస్తే, కంకరకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 383 (2016) ప్రకారం ఎం25 బలం గ్రేడు వరకు ఆర్‌సీసీలో (కమ్మీలు వేసిన కాంక్రీటులో) ముతక కంకరలో 20 శాతం, ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం, నేల కింద వేసే, సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటులో మొత్తం అదే కలపొచ్చు. ఈ కంకర నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది. ముందే తడపకపోతే మేస్త్రీ మిక్సర్లో నీళ్ళు పోస్తూనే ఉంటాడు, బలం పడిపోతుంది. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) ముక్కలు మాత్రం అందులో కలవనివ్వద్దు. హైదరాబాద్‌లో అయితే మిగిలిన శిథిలాలను జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లు తీసుకుంటాయి.