శవరాజకీయం ఎవరిది?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. 2023 మే 6న పక్కనే అలెన్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది పోయారు, అందులో మన తెలుగమ్మాయి ఒకరు. ఆ సంగతి తెలిసిన రోజు మా వాట్సాప్ గ్రూపులో అందరూ ఓం శాంతి పెడుతుంటే, 18 ఏళ్లు నిండగానే అలాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనుక్కోనిచ్చే చట్టం మారాలి కదా అని నేనొక్క ముక్క రాశాను. వరసకు అన్నయ్య అయ్యే పెద్దాయన "శవాల మీద రాజకీయాలా? కనీసం కర్మలయ్యేదాకా ఆగలేవా?" అని అందరి ముందూ కడిగేశారు. ఇప్పటికీ ఎక్కడైనా కలిస్తే ముభావంగానే ఉంటారు. నేను చేసింది తప్పా? - ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: ముందు ఒకటి చెప్పండి, ఆ అమ్మాయి కుటుంబం వాళ్లెవరైనా ఆ గ్రూపులో ఉన్నారా? ఉంటే మీ అన్నయ్యగారు అన్నది నూటికి నూరుపాళ్లు రైటు. పరామర్శకు వెళ్లి చావు ఇంట్లో ఆస్తి పంపకాల సంగతి ఎత్తేవాణ్ని మనమెవరం ఇష్టపడం. వాళ్లెవరూ లేకపోతే మాత్రం, బిర్యానీ ఫొటోలూ వీసా వార్తలూ తిరిగే గ్రూపును ఉన్నట్టుండి చావు ఇల్లు చేసేసి, నోరెత్తొద్దంటే ఎలా?

కర్మలయ్యేదాకా ఆగమన్నారు కాబట్టి కాస్త లెక్క చూద్దాం. టెక్సాస్ శాసనసభ మామూలుగా రెండేళ్లకోసారి, అదీ 140 రోజులే కూర్చుంటుంది. మీరు రాసిన విషయం మీదే, అంటే ఆ రకం రైఫిల్ కొనే వయసు 18 నుంచి 21కి పెంచాలని, అప్పుడు సభలో ఒక బిల్లు నానుతూ ఉంది. అంతకు ముందు ఏడాది టెక్సాస్‌లోనే యువాల్డి ఊరి బడిలో జరిగిన కాల్పుల్లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు దాని కోసం రాష్ట్ర రాజధాని ఆస్టిన్ చుట్టూ తిరుగుతున్నారు. అలెన్ కాల్పులు శనివారం జరిగితే సోమవారం కమిటీలో 8-5 తేడాతో అది గట్టెక్కింది, తుపాకి ఆంక్షలంటే మామూలుగా వద్దనే రిపబ్లికన్ పార్టీవాళ్లు ఇద్దరు కూడా దానికి ఓటేశారు. మర్నాడే గడువు ముగిసింది, బిల్లు సభ ముందుకు రాకుండానే మూలపడింది. పదకొండో రోజు దాకా ఆగి అడిగితే, అడిగేది 2023 సభను కాదు, 2025లో కూర్చునే సభను. ఆగమనే మాటలో ఉన్న కిటుకంతా ఇదే, మీ అన్నయ్యగారికి ఈ తేదీలు తెలిసి అన్నారని నేననుకోను, కానీ తెలిసి అనేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

యువాల్డి సంగతే చూడండి. 2022 మే 24న హంతకుడు 19 మంది పిల్లల్నీ ఇద్దరు టీచర్లనీ చంపేశాడు. మర్నాడు ఆ ఊరి హైస్కూల్లో గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ ప్రెస్‌మీట్ పెడితే, ఆ నవంబరు ఎన్నికల్లో ఆయన మీద నిలబడుతున్న బీటో ఓరూర్క్ కింద కుర్చీలోంచి లేచి స్టేజీ ముందుకొచ్చి, మీరేం చేయడం లేదని నిలదీశాడు. పైనున్న మేయర్ బూతు మాట అనేసి, ఇలాంటి చోటికొచ్చి రాజకీయం చేస్తావా అని అరిచాడు, ఓరూర్క్‌ను బయటికి పంపేశారు. ఓరూర్క్ మనసులో ఓట్ల లెక్క లేదని నేననను, పోటీలో ఉన్నవాడికి లేకుండా ఎలా ఉంటుంది. మరి స్టేజీ మీద వరసగా నిలబడ్డవాళ్లు సన్యాసులా? అదే సభలో గవర్నర్ పోలీసుల ధైర్యాన్ని పొగిడి, వాళ్లే లేకపోతే ఇంకా ఘోరం జరిగేదన్నారు. రెండు రోజులు తిరక్కుండానే అసలు కథ బయటపడింది, పోలీసులు బడి లోపలికి వెళ్లి కూడా హంతకుడున్న గదిలోకి చొరబడటానికి 77 నిమిషాలు పట్టింది. మొత్తం 376 మంది పోలీసులు అక్కడికి వచ్చారని తర్వాత శాసనసభ కమిటీ లెక్క తేల్చింది. తనకు తప్పుడు సమాచారం ఇచ్చారని గవర్నర్ మండిపడాల్సి వచ్చింది. లోపలికి వెళ్లండి, వెళ్లండి అని బడి బయట పోలీసులతో గొడవపడ్డ తల్లిదండ్రులు "ఇది సమయం కాదు" అనుకుని ఊరుకుని ఉంటే ఆ పొగడ్తే చరిత్ర అయ్యేది.

ఆ వారమే, మే 27న, హ్యూస్టన్‌లో తుపాకుల సంఘం ఎన్‌ఆర్‌ఏ వార్షిక సభ. ట్రంప్ వచ్చి చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివారు, ఒక్కో పేరుకీ ఒక గంట మోగింది, అదే ప్రసంగంలో తుపాకి హక్కుల్ని వెనకేసుకొచ్చారు. మీ అన్నయ్యగారి లాంటి పెద్దలు దాన్ని శవరాజకీయం అన్నట్టు నేనైతే వినలేదు.

సంతాపం ఒక చేత్తో, చట్టం ఒక చేత్తో పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 2019 మార్చి 15న న్యూజీలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపారు, వాళ్లలో మన హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. ప్రధాని జసిండా ఆర్డర్న్ మర్నాడే తలకు నల్ల ముసుగు వేసుకుని బాధితుల దగ్గరికి వెళ్లారు, అదే రోజు మన తుపాకి చట్టాలు మారతాయని కూడా చెప్పారు. ఆరు రోజుల్లో నిషేధం ప్రకటన, నెల తిరక్కుండా 119-1 ఓట్లతో చట్టం. మధ్యలో శుక్రవారం దేశమంతా అజాన్ ప్రసారం చేసి రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ మౌనం ఎవరికీ తక్కువైనట్టు అనిపించలేదు. అమెరికాలోనూ, 2018లో ఫ్లోరిడా పార్క్‌లాండ్ స్కూల్లో 17 మంది పోతే తోటి పిల్లలే రోడ్డెక్కారు, రిపబ్లికన్ గవర్నర్ 23 రోజుల్లో కొత్త చట్టం మీద సంతకం పెట్టారు.

ఇక మీ ముక్కలో ఉన్న లోపం కూడా చెప్పేస్తాను. అలెన్ హంతకుడి వయసు 33. మీరడిగిన చట్టం అప్పటికే ఉన్నా వాణ్ని ఆపేది కాదు. అడగడానికి తొందరపడొచ్చు, హంతకుడు ఎవరు, ఎందుకు చేశాడు అనేది తేలకముందే జవాబు కూడా మనమే రాసేస్తే ఎదుటివాళ్లకి పట్టు దొరుకుతుంది. అన్నయ్యగారికి ఫోన్ చేసి, గ్రూపులో కాకుండా విడిగా, ఆ బిల్లు తేదీలు చెప్పి చూడండి.

ప్రశ్న: అలెన్ ఫొటోలు, వీడియోలు మా దాకా వచ్చాయి. జనానికి నిజం తెలియాలంటే అవి పంచుకోవడమే మంచిదని మా ఫ్రెండ్ వాదన. - ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: డిలీట్ చేసేయండి. అలెన్‌లో కొన్ని గంటల్లోనే ట్విటర్ నిండా శవాల ఫొటోలు తిరిగాయి, ఆ గంటల్లో మావాళ్లు ఏ ఆసుపత్రిలో ఉన్నారో అని ఫోన్లు చేసుకుంటున్న కుటుంబాలు ఉంటాయి. క్రైస్ట్‌చర్చ్ వాడైతే జనం చూడాలనే లైవ్ పెట్టాడు, మొదటి రోజే 15 లక్షల కాపీలు తీసేశామని ఫేస్‌బుక్ చెప్పింది. న్యూజీలాండ్‌లో ఆ వీడియో పంపిణీ చేసినవాడికి 21 నెలల జైలు పడింది. యువాల్డిలో నిజం బయటపెట్టినవి బడి బయట తల్లిదండ్రులు ఉన్న వీడియోలు, మీ ఫ్రెండ్ చూపిస్తున్నవి అలాంటివి కావు.

ప్రశ్న: తుపాకులది కాదు, సమస్య మానసిక ఆరోగ్యానిది అని అలెన్ తర్వాత అబ్బాట్ అన్నారు. అందులో నిజం లేదా? - ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉందనే అనుకుందాం. అలెన్ హంతకుణ్ని మానసిక సమస్యల కారణంగా 2008లో ఆర్మీ శిక్షణ మధ్యలోనే ఇంటికి పంపేసింది. ఆ రోజు వాడి దగ్గరున్న ఎనిమిది తుపాకులూ చట్టప్రకారం కొన్నవేనని టెక్సాస్ పోలీసులే చెప్పారు. మరి మానసిక సమస్య ఉన్నవాడి చేతికి ఎనిమిది ఎలా వచ్చాయి? పార్క్‌లాండ్ తర్వాత ఫ్లోరిడాలో, ప్రమాదకరంగా ఉన్నవాడి దగ్గర తుపాకులు కొంతకాలం తీసేసుకోమని పోలీసులు కోర్టును అడగొచ్చు. టెక్సాస్‌లో ఆ వీలు లేదు, అలెన్ తర్వాత పెడతామని అబ్బాట్ అననూ లేదు.